చిటికెడు మాస్, ఒక నీలం కాగితం

నమస్తే అండీ! ఇవాళ శనివారం, క్లాసుల్లేవు. "మేడమ్, బోటనీ ప్రొఫెసర్లు సెలవు రోజున ఏం చేస్తారు?" అని చాలామంది అడిగారు కదా. అయితే పదండి, నాతో పాటు కొండెక్కుదురు గానీ.

మెడలో వేలాడుతున్న ఈ చిన్న లెన్స్ దేన్నైనా పది రెట్లు పెద్దగా చూపిస్తుంది. దీన్ని మొక్క మీద పెట్టకూడదు. కంటికి ఆనించి పట్టుకుని, మొక్కనే దగ్గరకి తెచ్చుకోవాలి. మా స్టూడెంట్లకి మొదటి రోజు నేర్పేది ఇదే.

నా రీసెర్చ్ అంతా మాస్‌ల మీద. మనం చెరువులోదాన్నీ గోడ మీదదాన్నీ కలిపి నాచు అనేస్తాం. చెరువులో తేలేది ఎక్కువగా ఆల్గే. ఇదిగో, ఈ బండ మీద దుప్పటి కప్పినట్టున్నదే, ఇది మాస్. కాడ, ఆకులు ఉంటాయి, అసలైన వేర్లుండవు. చాలా మాస్‌లలో ఆకు మందం ఒక్క కణమే. అందుకే ఒళ్లంతా నీళ్లు తాగుతుంది, ఎండ తగిలితే అంతే త్వరగా ఎండిపోతుంది.

చూడండి, ఈ కుదురు గోధుమరంగుకి తిరిగి ముడుచుకుపోయింది. కొంచెం నీళ్లు చల్లుతున్నాను. కెమెరా కదపను... అదిగో, ఆ చివర ఆకు! ఒక్కొక్కటే విప్పుకుంటూ పచ్చబడుతోంది. ఎన్నేళ్ల నుంచి చూస్తున్నానో, ఇప్పటికీ ఊపిరి బిగబట్టే చూస్తాను. అంటార్కిటిక్ ప్రాంతంలోని సిగ్నీ దీవిలో 1500 ఏళ్లకు పైగా గడ్డకట్టి ఉన్న మాస్ మళ్లీ చిగురేసిందని 2014లో శాస్త్రవేత్తలు ప్రకటించారు.

కానీ తడి తగిలిన ప్రతిసారీ దానికి మేలే అనుకోకండి. నా ప్రశ్న అంతా అక్కడే ఉంది. మెలకువ రాగానే దెబ్బతిన్న కణాలని బాగుచేసుకోవాలి, దానికి నిల్వ ఉన్న శక్తి ఖర్చవుతుంది. ఆ ఖర్చు కిరణజన్య సంయోగక్రియతో పూడ్చుకునేదాకా తడి ఉండాలి. ఈలోపే ఆరిపోతే నష్టమే. చిన్న చిన్న జల్లులు వరసగా పడితే, అసలు వాన లేనప్పటికన్నా ఎక్కువ చిక్కిపోవచ్చు.

అనుమతి ఉంది కాబట్టి చిటికెడు తీసుకుంటున్నాను. కాగితం పొట్లంలో పెట్టి చోటు, తేదీ, బండ మీద దొరికిందా చెట్టు మీదా అన్నది రాస్తే చాలు. పువ్వుల మొక్కల్లా బరువు పెట్టి నొక్కక్కర్లేదు.

ఇంటికొచ్చేశాం. ఇది నాకు చాలా ఇష్టమైన పని, సయనోటైప్, అంటే ఎండతో కాగితం మీద నీలం బొమ్మ అచ్చువేయడం. రెండు ఇనుప లవణాల ద్రావణం పూసి చీకట్లో ఆరబెట్టిన కాగితం మీద మొక్కని పరిచి ఎండలో పెడతాం. ఈ పద్ధతిని 1842లో ఇంగ్లండ్ శాస్త్రవేత్త జాన్ హెర్షెల్ కనిపెట్టారు. మరుసటి ఏడాదే అక్కడి బోటనిస్ట్ ఆనా అట్కిన్స్ ఆల్గే బొమ్మలు ఇలాగే అచ్చువేయడం మొదలుపెట్టారు.

ఇప్పుడు నీళ్లలో కడుగుతున్నాను. ఎండ పడ్డ చోటు ముదురు నీలం, కాడ నీడ తెల్లగా. ఆకుల దగ్గర మాత్రం లేత నీలం, చూశారా? ఒక్క కణం మందమే కదా, వెలుతురు అందులోంచి దూరిపోయింది.

క్లిప్పు పెట్టి తీగ మీద వేశాను. ఆరాక రంగు ఇంకా ముదురుతుంది, రేపు చూపిస్తానండీ.