మూడు కిలోమీటర్ల దూరం

(హనుమకొండలో డిగ్రీ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్తే.

మా దగ్గర చదువుకున్న ఒకమ్మాయి కిందటేడు ఫోన్ చేసి ఏడ్చింది. డేటింగ్ యాప్‌లో పెట్టుకున్న ఫొటో, రాసుకున్న నాలుగు మాటలు స్క్రీన్‌షాట్‌గా వాళ్ల చిన్నాయన ఫోన్‌కు చేరినయి. పంపినవాళ్లెవరో తెలియదు. ఒక మనిషితో మాట్లాడాలనుకోవడం తప్ప ఆ పిల్ల ఏమీ చేయలేదు. ఆ రాత్రి ఇంట్లో పెట్టిన పంచాయితీ చదువు మానిపించే దాకా పోయింది. ఇవాళ నేను మాట్లాడుతున్నది ఆమెను మనసులో పెట్టుకునే.

ఇట్లాంటి డేటింగ్ యాప్‌లలో స్వలింగ ప్రేమ ఉన్నవాళ్ల కోసం గ్రైండర్ 2009లో, అందరి కోసం టిండర్ 2012లో వచ్చినయి. రెండూ లాస్ ఏంజెలెస్‌లో పుట్టినవే. అవతలి మనిషి ఎంత దూరంలో ఉన్నారో ఈ యాప్‌లు చూపిస్తాయి. అంత పెద్ద నగరంలో ‘మూడు కిలోమీటర్ల దూరంలో ఉన్నారు’ అంటే వేలమందిలో ఎవరో ఒకరు. మరి నక్కలగుట్ట నుంచి మూడు కిలోమీటర్లంటే? మేనత్త ఇల్లు, ట్యూషన్ సార్ ఇల్లు, నాన్న దోస్తు మెడికల్ షాపు అన్నీ అందులోనే. మన ఊర్లో ముఖం కనబడితే చాలు, పేరు అడగాల్సిన పని లేదు.

ఆ దూరం అంకె సంగతి ఇంకొంచెం చెప్పాలె. ఒకడు కాజీపేట స్టేషన్ దగ్గర నిలబడి మీరెంత దూరంలో ఉన్నారో చూసిండనుకోండి. తర్వాత హనుమకొండ చౌరస్తాలో, ఆ తర్వాత ఖిల్లా వరంగల్‌లో చూసిండు. మ్యాపు మీద ఆ మూడు చోట్ల నుంచి మూడు వృత్తాలు గీస్తే, అవి కలిసే చోట మీరుంటారు. ఫోన్‌లో దొంగ లొకేషన్ పెడితే వాడు గడప కూడా దాటనక్కర్లేదు. టిండర్‌లో ఈ లోపం ఉన్నట్టు భద్రతా పరిశోధకులు 2014లో బయటపెట్టారు. సంస్థ దాన్ని సరిచేసింది. యాప్ ఎంత కచ్చితమైన దూరం చెప్తే ప్రమాదం అంత ఎక్కువని అర్థం చేసుకోండి.

ఇక మనం అక్కడ ఎవరిగా కనబడుతున్నాం? పెండ్లి సంబంధాల సైట్లు కులం, గోత్రం ముందే అడుగుతాయి. డేటింగ్ యాప్‌లలో అట్ల అడగరని మన పిల్లలకు ఊపిరాడినట్టయింది. ఇంటిపేరు తీసేసి సగం పేరే పెట్టుకుంటారు. కానీ రెండోరోజు చాట్‌లో ‘ఇంటిపేరేంటి?’ అని వస్తుంది. అది పేరు కోసం అడిగేది కాదని ఈ గదిలో అందరికీ తెలుసు. పరకాల పిల్లలు ఊరు హైదరాబాదని రాస్తారు. అమ్మతో ‘ఏం జేస్తున్నవే’ అని మాట్లాడే నోరు అక్కడ తన యాసను దాచుకుంటుంది. నాకు అన్నిటికన్నా బాధ అదే. యాస దాచుకుని మొదలుపెట్టిన స్నేహంలో ఎన్ని రోజులని జాగ్రత్తగా మాట్లాడతారు?

స్వలింగ ప్రేమ ఉన్నవాళ్లకు ఈ యాప్‌లు చాలాసార్లు ఒక్కటే తోవ. పెండ్లిళ్లలోనో బస్సులోనో తమలాంటి మనిషిని గుర్తుపట్టి పలకరించడం కష్టం. పెద్దవాళ్లు ఇష్టపూర్వకంగా పెట్టుకునే అలాంటి సంబంధం నేరం కాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబర్ 6న తీర్పు చెప్పింది. ఇండ్లల్ల ఆ తీర్పు ఇంకా అందలేదు. సరైన సమ్మతి లేకుండా వాడుకదారుల సమాచారాన్ని ప్రకటనల సంస్థలకు ఇచ్చిందని నార్వే డేటా రక్షణ సంస్థ 2021లో గ్రైండర్‌కు 6.5 కోట్ల క్రోనర్ల జరిమానా వేసింది. ఫోన్‌లో ఆ యాప్ ఉందన్న ఒక్క సంగతి బయటపడినా ఆ మనిషి గుట్టు రట్టయినట్టే కదా.

‘తప్పు చేయకుంటే దాచుడెందుకు?’ అని పెద్దలు అడుగుతారు. గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా చెప్పారు. నా గురించి ఎవరికి ఏం తెలియాలో, ఎప్పుడు తెలియాలో నేనే నిర్ణయించుకుంటా. ఆ అమ్మాయి కూడా ఇంట్లో చెప్పేదే, తనకు ధైర్యం వచ్చిన రోజు. స్క్రీన్‌షాట్ పంపినవాళ్లు ఆమెకు ఆ రోజు లేకుండా చేసిండ్రు.

ఎవరైనా ఫొటోలతో బెదిరిస్తే డబ్బు పంపకండి, చాట్‌లు తుడిచేయకండి. సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఆడపిల్లల రక్షణకున్న పోలీసు బృందం షీ టీమ్‌కు చెప్పండి. ఇంట్లో చెప్పడానికి భయమైతే ముందు నా దగ్గరకు రండి.

ఇప్పుడు ఫోన్లు తీయండి. సెట్టింగ్స్‌లో లొకేషన్ అనుమతులు తెరిచి, ఏ యాప్‌కు మీ కచ్చితమైన చోటు తెలుస్తోందో చూసి ఆపేయండి. ఫోన్‌లోంచి యాప్ తీసేసినంత మాత్రాన ఖాతా పోదు, లోపలికి పోయి ఖాతానే తొలగించాలె. ఐదు నిమిషాలు ఆగుతా, చేయండి.