పచ్చి పులుసు: చింతపండు రసం పొయ్యి ఎక్కకుండానే

[తెర మీద: స్టీలు గిన్నెలో నానుతున్న చింతపండు]

పప్పు ఉడికింది, అన్నం అయింది, ఇంకో కూర వండే ఓపిక లేదు. ఇలాంటప్పుడు తెలంగాణ ఇళ్లల్లో పచ్చి పులుసు చేసేస్తారు. ఇది చింతపండు రసమే, కాకపోతే మరిగించం. చారుకు అలవాటు పడ్డవాళ్లకు దీన్ని కూడా ఒక్క పొంగు రానిద్దామనిపిస్తుంది, దయచేసి ఆ పని చేయకండి, పచ్చి ఉల్లిగడ్డ కరకర, ఆ పచ్చి పులుపు రెండూ పోయి చివరికి చారే మిగులుతుంది.

నలుగురికైతే పెద్ద నిమ్మకాయంత చింతపండు చాలు. ఒకసారి కడిగేసి, బాగా మరిగించిన నీళ్లు ఒక గ్లాసు పోసి 20 నిమిషాలు వదిలేయండి. తర్వాత ఇది పొయ్యి ఎక్కదు కదా, అందుకే నీళ్ల సంగతి ఇక్కడే చూసుకోవాలి, పైన కలిపే నీళ్లు కూడా కాచి చల్లార్చినవే పోయండి.

గిన్నె స్టీలుదో గాజుదో మట్టిదో తీసుకోండి, అల్యూమినియం వద్దు, కళాయి లేని ఇత్తడి అసలే వద్దు. చింతపండులో టార్టారిక్ ఆమ్లం ఉంటుంది. పూజ సామాన్లు చింతపండుతో తోమితే తళతళలాడేది దాని వల్లే. లోహం మీది పొరను కరిగించేసే పులుపును అలాంటి గిన్నెలో గంటలకొద్దీ ఉంచితే ఆ లోహం రసంలోకి దిగుతుంది.

ఎండాకాలం మొదట్లో వచ్చే కొత్త చింతపండు దొరికితే దీనికి అదే వాడండి. పాతబడేకొద్దీ నల్లబడుతుంది, పులిహోరకు పర్వాలేదు గానీ పచ్చి పులుసు రంగు మందగిస్తుంది.

[క్లోజప్: చేత్తో పిసకడం]

ఇప్పుడు పిసకండి. గుజ్జంతా వేళ్ల సందుల్లోంచి జారిపోయి, గింజలు, ఈనెలు, నారలాంటి పిప్పి మాత్రమే చేతిలో మిగలాలి. ఆ పిప్పిని పారేయకుండా ఇంకో గ్లాసు నీళ్లు పోసి మళ్లీ పిసకండి, రెండో రసంలోనూ పులుపు చాలానే ఉంటుంది. రెండూ వడకట్టి, ఇంకాస్త నీళ్లు కలిపితే మూడు గ్లాసులవుతుంది. పల్చగానే ఉండాలి. చిక్కగా చేస్తే రెండు ముద్దలకే పళ్లు పులుస్తాయి.

[క్లోజప్: మంట మీద పచ్చిమిర్చి]

రెండు పచ్చిమిర్చి తొక్క మీద నల్ల మచ్చలు పడేదాకా మంట మీద కాల్చండి. కాల్చేముందు చిన్న గాటు పెట్టండి, లేకపోతే పేలతాయి. ఒక ఉల్లిగడ్డ సన్నగా తరిగి, ఈ మిర్చి, ఉప్పు, జీలకర్ర, కొత్తిమీర అన్నీ ఒక గిన్నెలో వేసి గట్టిగా నలపండి. ఉప్పు తగిలాక ఉల్లిలో నీరూరి ముక్క మెత్తబడుతుంది, ఘాటు రసంలోకి దిగుతుంది. చాలామంది ముక్కలు పైన చల్లి ఊరుకుంటారు, అలా చేస్తే పులుసు వేరు, ఉల్లి వేరుగా ఉంటాయి. నలిపినదాని మీద రసం పోసి, చిన్న బెల్లం ముక్క వేయండి. దోరగా వేయించి దంచిన నువ్వుల పొడి రెండు చెంచాలు వేస్తే కమ్మగా ఉంటుంది, నేనైతే మానను. చివరగా ఆవాలు, ఎండుమిర్చి, ఎల్లిపాయ, కరివేపాకుతో పోపు పెట్టి, చుయ్‌మంటుండగానే అందులో పోసి వెంటనే మూత వేయండి.

రుచి ఎలా చూడాలంటే, చెంచాతో ఒట్టిగా తాగినప్పుడు ఉప్పు, పులుపు రెండూ ఒక పిసరు ఎక్కువే అనిపించాలి, అన్నంలో కలిశాక సరిగ్గా సరిపోతాయి.

[తెర మీద: వేడన్నం, ముద్దపప్పు, నెయ్యి, పక్కన పచ్చి పులుసు]

దీనికి అసలు జోడీ ముద్దపప్పు. వేడన్నంలో పప్పు, నెయ్యి కలిపి, మధ్యలో గుంట చేసి అందులో పులుసు పోసుకోండి. పెసరపప్పు కిచిడీకి కూడా అంతే బాగా కుదురుతుంది. హైదరాబాద్‌లో పొద్దున్నే కిచిడీ, ఖీమాతో తినే ఖట్టా కూడా చింతపండు, నువ్వులతో చేసేదే. కోస్తా వైపు కంది పచ్చడి, పచ్చి పులుసు కలిపి తింటారు. అక్కడ కాల్చిన వంకాయ గుజ్జు ఇందులో మెదిపి కలపడం కూడా ఉంది, ఆ పొగ వాసనకు పులుపు తోడైతే ఇంకో ముద్ద అడగనివాళ్లు ఉండరు.

రోజూ నానబెట్టే తీరిక లేకపోతే నీళ్లు కలపని చిక్కటి రసాన్ని గాజు సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టుకోండి, మూడు నాలుగు రోజులు ఆగుతుంది. ఉల్లిగడ్డ మాత్రం తినే ముందే నలపండి, పొద్దున కలిపింది రాత్రికి వాసన మారిపోతుంది.