ఆరు మడతలు, ఆరు చూపులు

అందరికీ నమస్కారం. ఫ్యాన్ గాలి అందనివాళ్ళు ముందుకి వచ్చేయండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

మేధో వైకల్యం ఉన్న మన పిల్లలకి పని నేర్పేటప్పుడు ఎప్పుడు, ఎలా మెచ్చుకోవాలన్నదే ఇవాళ్టి మాట. ఇరవై ఏళ్ళ కిందట నేను చేసిన ఒక పొరపాటుతో మొదలుపెడతాను. అప్పుడు నేను పనిచేసే సెంటర్‌లో పెద్ద పిల్లలకి పేపర్ కవర్లు చెయ్యడం నేర్పేవాళ్ళం. మందుల షాపులకి ఇచ్చే చిన్న కవర్లు. పాత పేపర్లు, మైదా ఉడికించిన జిగురు, అంతే పెట్టుబడి. ఆ బ్యాచ్‌లో పంతొమ్మిదేళ్ళ అబ్బాయి ఒకడు ఉండేవాడు. మేధో వైకల్యం ఉంది, మాట తక్కువ, చేతులు మాత్రం చురుకు. ఒక మడత పెట్టి, తలెత్తి నా మొహం చూసేవాడు. నేను "వెరీ గుడ్" అనేదాన్ని. ఇంకో మడత, మళ్ళీ చూపు, మళ్ళీ వెరీ గుడ్. కవరుకి ఆరు మడతలు, ఆరు చూపులు. నెల తిరిగేసరికి పని వచ్చేసిందని తెగ మురిసిపోయాను.

ఒకరోజు సెలవు పెట్టాను. మర్నాడు వచ్చి అడిగితే, ముందురోజు ఒక్క కవరూ అవలేదన్నారు. మొదటి మడత పెట్టి, నా ఖాళీ కుర్చీ వంక చూస్తూ కూర్చున్నాడట. నెలరోజులు కష్టపడి నేను నేర్పింది నా మొహం చదవడం!

సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవాళ్ళ కోసం 1984లో పెట్టిన జాతీయ సంస్థ మీకు తెలుసు. ఇప్పుడు ఎన్‌ఐఈపీఐడీ అంటున్నారు, మా రోజుల్లో ఎన్‌ఐఎంహెచ్. అక్కడ ట్రైనింగ్‌లో రీఇన్‌ఫోర్స్‌మెంట్ పాఠం నేను బాగానే బట్టీ పట్టాను. పని చేసిన వెంటనే ఏదో ఒకటి దొరికి, దానివల్ల ఆ పని మళ్ళీ మళ్ళీ చెయ్యడం పెరిగితే, ఆ దొరికింది రీఇన్‌ఫోర్స్‌మెంట్. నా "వెరీ గుడ్" దేన్ని పెంచుతోందో మాత్రం నేను చూసుకోలేదు. అది వచ్చేది మడత తర్వాత కాదు, చూపు తర్వాత. కాబట్టి చూపే పెరిగింది.

అమెరికాలో టర్న్యూర్, జిగ్లర్ అని ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1964లో దీనిమీద రాశారు. మన పిల్లలు సమాధానం కోసం ఎదుటివాళ్ళ వైపు ఎక్కువ చూస్తారని గమనించారు. దానికి తెలివి తక్కువ కావడం ఒక్కటే కారణం అనుకోలేదు వాళ్ళు. మాటిమాటికీ ఓడిపోయినవాడికి తన ఆలోచన మీద తనకే నమ్మకం పోతుంది. మామూలు పిల్లల్ని వరసగా ఓడించినా వాళ్ళూ పక్కవాడి పలక చూడటం మొదలుపెడతారు. పరీక్ష హాల్లో మనం చెయ్యలేదా ఏమిటి?

అదే దేశంలో మార్క్ గోల్డ్ అనే ఆయన 1970ల మొదట్లో ఇంకో పని చేశాడు. మేధో వైకల్యం బాగా ఎక్కువగా ఉన్నవాళ్ళకి సైకిల్ బ్రేకు బిగించడం నేర్పాడు. పదిహేను విడిభాగాలు, వరసగా అరల్లో పెట్టి ఉంటాయి. కొందరికి ఇచ్చిన భాగాలకి, సరిగ్గా పెడితే మన వైపు కనపడే పక్కన ఎర్ర రంగు వేశాడు. రంగు ఉన్నవాళ్ళు తొందరగా నేర్చుకున్నారు. తర్వాత తర్వాత ఆయన పొగడ్తలు బాగా తగ్గించేశాడు. తప్పు పెడితే "ఇంకోలా చూడు" అంటాడు. ఏమీ అనకపోతే పని సరిగ్గా ఉన్నట్టు లెక్క. ఇది చదివినప్పుడు నాకు కొంచెం చిరాకేసింది, నిజం చెప్తున్నాను. మెచ్చుకోకుండా పాఠం ఏమిటి, మరీ రాతిమనిషిలా? కానీ మా ఖాళీ కుర్చీ కథకి మందు అక్కడే దొరికింది.

ఒక అట్టముక్క కోసి, దానిమీద ఎర్ర గీత గీశాను. పేపరు దాని చుట్టూ మడిస్తే అంచు గీత మీదికి రావాలి. రాకపోతే తప్పు. ఆ మాట చెప్పేది గీతే, నేను కాదు. పక్కన పది గళ్ళ పెట్టె పెట్టాను. గళ్ళు నిండితే ఒక కట్ట. నేను అతని ఎదురుగా కాకుండా వెనక్కి జరిగి కూర్చున్నాను. తలెత్తి వెతికితే వేలితో గీత చూపించేదాన్ని, నోరు మెదిపేదాన్ని కాదు. కట్ట అయ్యాక మాత్రం, "పది కవర్లూ అంచులు కలిశాయి" అని చెప్పేదాన్ని. నాలుగు వారాలు పట్టింది. ఒక మధ్యాహ్నం అంచు గీత దాటితే తనే విప్పి మళ్ళీ మడిచాడు. నా వైపు చూడనే లేదు. సంతోషమే, కానీ లోపల ఎక్కడో కాస్త నొచ్చుకున్నాను కూడా.

ఇక ఇంటి సంగతి. "గుడ్ బాయ్" అన్న మాటలో పిల్లాడికి ఏ సమాచారమూ లేదు. "చెప్పులు స్టాండ్‌లో పెట్టావు" అనండి, పెట్టిన చెయ్యి ఇంకా స్టాండ్ దగ్గర ఉండగానే అనండి. పొద్దున చేసినదానికి సాయంత్రం నాన్న ఆఫీసు నుంచి వచ్చి మెచ్చుకుంటే, అప్పుడు టీవీ రిమోట్ నములుతున్నవాడు ఏమనుకోవాలి? వెటకారం అసలే వద్దు. పాలు ఒలకబోస్తే "ఆహా, శభాష్, భలే చేశావ్" అంటాం కదా. మా క్లాసులో ఒక పాప ఆ మాట విని నవ్వి, మిగిలిన పాలు కూడా ఒలకబోసింది.

చొక్కా గుండీలు చివరి నుంచి నేర్పండి. గుండీని కాజాలోకి సగం దూర్చేసి, బయటికి లాగడం ఒక్కటీ వాళ్ళకి వదిలెయ్యండి. గుండీ కాజాలో కూర్చోవడమే ఫీడ్‌బ్యాక్, అంటే పని సరిగ్గా అయిందని చెప్పే గుర్తు. అది వచ్చాక ఒక్కో మెట్టు వెనక్కి రండి.

కంచం విసిరేస్తున్నాడని ఇక్కడ చాలామంది రాసిచ్చారు. విసిరితే వంటింట్లోంచి అమ్మ పరుగెత్తుకొస్తుంది, "ఎన్నిసార్లు చెప్పాలిరా నీకు" అంటుంది, కళ్ళలోకి చూస్తుంది. బుద్ధిగా తింటున్నంతసేపూ ఆ చూపు రాదు. మనం తిట్టామనుకుంటాం, వాడికి మాత్రం పిలిస్తే అమ్మ పలికింది. 1985లో కార్, డ్యూరాండ్ అనే ఇద్దరు పరిశోధకులు ఇలాంటి నలుగురు పిల్లలకి ఒక్కో వాక్యం నేర్పారు. పట్టించుకోవాలని గొడవ చేసే పిల్లలకి "నేను బాగా చేస్తున్నానా?" అని, పని కష్టమై గొడవ చేసేవాళ్ళకి "నాకు అర్థం కావట్లేదు" అని. అవసరానికి సరిపోయిన వాక్యం వచ్చాక గొడవ తగ్గింది. మాట రానివాళ్ళకి ఒక కార్డు ఇవ్వండి, లేదా చెయ్యి తట్టడం నేర్పండి. ఒక్కటే షరతు, తట్టినప్పుడు మీరు పలకాలి. కంచం కన్నా నెమ్మదిగా పలికితే మళ్ళీ కంచమే గెలుస్తుంది.

చాక్లెట్ల గురించి ఎక్కువ చెప్పను. ప్రాడర్ విల్లీ లాంటి, ఆకలి తీరనే తీరని స్థితి ఉన్న పిల్లలకి తిండిని బహుమతిగా పెట్టొద్దు. పాతికేళ్ళ మనిషికి బుగ్గ గిల్లి చాక్లెట్ ఇవ్వొద్దు. చేసిన పనికి డబ్బు ఇవ్వండి, నెలాఖరున కాదు, ఆ సాయంత్రమే, చేతిలో. మన కవర్ల అబ్బాయి, అంటే ఆయన, ముప్పై తొమ్మిది దాటాయి, నాకే ఇంకా అలవాటు పోలేదు, ఆ రోజు నోటు ఆ రోజే పట్టుకెళ్ళి టీ తాగి వస్తారు.

వెనక వరసలో పసుపు చీర కట్టుకున్న అమ్మ ఎప్పటినుంచో చెయ్యెత్తే ఉన్నారు. చెప్పండమ్మా, పళ్ళు తోముకోవడం గురించేనా?