రోజువారీ అనే ఒక్క మాట

శ్రోతలకు నమస్కారం. పెన్నూ కాగితం అందుబాటులో ఉంటే దగ్గర పెట్టుకోండి, ఇవాళ ఒక చిన్న లెక్క వేద్దాం. లేకపోయినా పర్వాలేదు, నిదానంగానే చెబుతాను.

అమెరికా మార్కెట్లో లెవరేజ్డ్ ఫండ్లు, ఇన్వర్స్ ఫండ్లు అని ఉన్నాయి. సూచీ ఒక శాతం కదిలితే రెండు శాతమో మూడు శాతమో కదిలేవి లెవరేజ్డ్. సూచీ పడితే పెరిగేవి ఇన్వర్స్. 2006 నుంచి అక్కడ మామూలు షేర్లలాగే చేతులు మారుతున్నాయి. పెద్ద టెక్ కంపెనీలు ఎక్కువగా ఉండే నాస్‌డాక్ 100 సూచీకి మూడింతలు నడిచే టీక్యూక్యూక్యూ, దానికి ఎదురు నడిచే ఎస్‌క్యూక్యూక్యూ... డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉంటున్న మన పిల్లల నోట ఈ పేర్లు మీరు వినే ఉంటారు.

ఇప్పుడు లెక్క. మూడింతల ఫండ్‌లో 100 డాలర్లు పెట్టారనుకోండి. ఆ వందను ఆసరా చేసుకుని ఫండ్ 300 డాలర్ల సరుకు, అంటే సూచీతో పాటు కదిలే షేర్లూ ఒప్పందాలూ, పట్టుకుంటుంది. మొదటి రోజు సూచీ 100 నుంచి 110కి వెళ్లింది. 300 కాస్తా 330 అయింది. లాభం 30, మీ డబ్బు 130. బాగుంది కదా?

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. 130కి మూడింతలు ఎంత? 390. ఫండ్ చేతిలో ఉన్నది 330. రేపు కూడా మూడింతలు నడవాలంటే ఈ సాయంత్రం మార్కెట్ మూసే వేళకు ఇంకో 60 డాలర్ల సరుకు కొనాలి. ఏ ధరకు? పెరిగిన ధరకు.

రెండో రోజు సూచీ 110 నుంచి మళ్లీ 100కు దిగింది. అంటే 9.09 శాతం తగ్గింది. 390 మీద ఆ నష్టం 35 డాలర్ల 45 సెంట్లు. మీ 130లోంచి అది పోతే మిగిలేది 94 డాలర్ల 55 సెంట్లు. ఇప్పుడు ఫండ్ చేతిలో సరుకు ఎక్కువైంది. దాదాపు 71 డాలర్ల సరుకు అమ్మెయ్యాలి. ఏ ధరకు? తగ్గిన ధరకు.

పెరిగాక కొనడం, తగ్గాక అమ్మడం. సూచీ బయల్దేరిన చోటికే తిరిగొచ్చింది. మీ డబ్బు రాలేదు. ఇలా పది సార్లు పైకీ కిందికీ ఊగితే, అంటే 20 రోజుల్లో, సూచీ 100 దగ్గరే ఉంటుంది, మీ దగ్గర 57 డాలర్లు ఉంటాయి. ఎవరూ మోసం చేయలేదు. ఏ రోజుకారోజు మూడింతలు ఇస్తానంది, ఇచ్చింది. ఫండ్ పత్రంలో రాసి ఉన్నది ‘రోజువారీ’ అనే మాట. కొన్నవాళ్లు చదువుకున్నది ‘మూడింతలు’ అనే మాట.

రెండో వైపు కూడా చెప్పాలి. సూచీ వరసగా మూడు రోజులు 5 శాతం చొప్పున పెరిగితే మొత్తం 15.76 శాతం. ఫండ్ పెరిగేది 52 శాతం, మూడింతల కంటే ఎక్కువ! ఒకే దారిన పోతే కలిసొస్తుంది, ఊగితే కరిగిపోతుంది.

మరి ఇలాంటి వాటిని మామూలు మదుపరి కొననివ్వాలా? అమెరికాలో బ్రోకర్లను పర్యవేక్షించే ఫిన్రా, ఒక్క రోజుకు మించి పట్టుకోవాలనుకునే చిన్న మదుపరులకు ఇవి సాధారణంగా తగవని 2009లోనే బ్రోకర్లకు చెప్పింది. 2022 మార్చిలో ఇంకో అడుగు వేసి, కొనేవారికి పరీక్షలాంటి షరతులు పెట్టాలా అని అభిప్రాయాలు అడిగింది. మా డబ్బు మా ఇష్టం అంటూ వేల మంది రాశారు. దక్షిణ కొరియాలో అయితే ఆన్‌లైన్ పాఠం వినాలి, కొత్తగా వచ్చేవారు కోటి వాన్‌లు డిపాజిట్ చూపించాలి.

పాఠం పెట్టడం న్యాయమే. ఇంత డబ్బు చూపించాలనే షరతు మాత్రం న్యాయం కాదు. డబ్బున్నంత మాత్రాన ఈ లెక్క వచ్చేస్తుందా? పైగా ఈ ఫండ్‌లో పోయేది పెట్టినంతే. బ్రోకర్ ఫోన్ చేసి ఇంకా కట్టమనడు. అదే షేరును షార్ట్ చేస్తే, అంటే అరువు తెచ్చి ముందే అమ్మేసి తర్వాత కొని తిరిగిస్తే, నష్టానికి హద్దు లేదు. తలుపు ఒకటి మూస్తే జనం పక్క తలుపులోంచి వెళ్తారు. మన దేశంలో ఇలాంటి ఫండ్లు లేవు, అయినా 2022 నుంచి 2024 దాకా మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఎఫ్ అండ్ ఓలో, అంటే ఫ్యూచర్స్, ఆప్షన్స్ అనే ముందస్తు ఒప్పందాల వ్యాపారంలో, దిగిన వ్యక్తుల్లో 93 శాతం నష్టపోయారని మార్కెట్లను నియంత్రించే సెబీ అధ్యయనమే చెప్పింది.

ఆ పాఠంలో 2018 ఫిబ్రవరి 5 కూడా ఉండాలి. మార్కెట్ భయాన్ని కొలిచే సూచీ విక్స్. దాని ఫ్యూచర్లకు ఎదురు నడిచే ఎక్స్‌ఐవీ అనే నోటు, అంటే షేరులా చేతులు మారే బ్యాంకు రుణపత్రం, ఆ ఒక్క రోజులో 90 శాతానికి పైగా విలువ పోగొట్టుకుంది. అది రెండింతలదీ కాదు, మూడింతలదీ కాదు. ఒక రోజులో 80 శాతం పడితే నోటును రద్దు చేసే హక్కు జారీచేసినవారికి ఉంటుందని షరతుల్లో ముందే ఉంది. రద్దు చేశారు కూడా.

కొనాలని నిశ్చయించుకున్నవారు ముందు 20 రోజులు కాగితం మీద నడపండి. నాలుగు గడులు గీయండి: తేదీ, సూచీ ఆ రోజు మారిన శాతం, దానికి మూడింతలు, మీ వంద ఎంతయింది. చివరి గడిలో రోజూ నిన్నటి అంకె మీదే లెక్క కట్టాలి, మొదటి వంద మీద కాదు. నెలాఖరున సూచీ మొత్తం మార్పుకు మూడింతలు వేసి పక్కన రాయండి. రెండు అంకెలూ ఎందుకు కలవలేదో ఇంట్లో ఒకరికి అర్థమయ్యేలా చెప్పండి. చెప్పగలిగితే అప్పుడు కొనండి, అదీ సూచీలో 3,000 పెట్టాలనుకున్న చోట 1,000 మాత్రమే. ఆ వెయ్యే మార్కెట్లో మూడు వేలుగా తిరుగుతుంది. మిగతా రెండు వేలు బ్యాంకులోనే ఉండనివ్వండి. నమస్కారం.