ఒకటి దొరికితే సరిపోదు

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దలకు, నన్ను పిలిచిన అధ్యాపకులకు, రోజంతా క్లాసులు విని కూడా ఓపిగ్గా కూర్చున్న మీకు నా కృతజ్ఞతలు. నాకిచ్చిన అంశం ‘వెతికే పద్ధతులు’, అంటే దాచిన డేటాలో కావలసినదాన్ని కంప్యూటర్ చేత ఎలా వెతికించాలన్నది. హ్యాషింగ్, ట్రీలు, బైనరీ సెర్చ్, ఈ మూడూ చెబుదామని కాగితం మీద రాసుకొచ్చాను. బైనరీ సెర్చ్‌తో మొదలుపెడతాను. అక్కడ కాస్త ఎక్కువసేపు ఆగితే మన్నించండి. ఎన్నో ఏళ్లుగా విద్యార్థుల ముందు చెప్పాలనుకుంటున్న మాట ఒకటి అక్కడే ఉంది.

పద్ధతి మీకు తెలిసిందే. వరసలో పేర్చిన జాబితా ఉంటే మధ్యలో ఉన్నదాన్ని చూస్తాం. మనకు కావలసింది దానికంటే చిన్నదైతే కుడి సగం వదిలేస్తాం, పెద్దదైతే ఎడమ సగం వదిలేస్తాం. మిగిలిన సగంలో మళ్లీ అదే పని. పది లక్షల అంశాలున్న జాబితాకు సుమారు 20 పోలికలు చాలు. వంద కోట్లకు 30. జాబితా వెయ్యి రెట్లు పెరిగింది, పని పది అడుగులే పెరిగింది. ఈ సంగతి మొదటిసారి విన్న రోజు నాకు రాత్రి నిద్ర పట్టలేదు. ఇప్పటికీ దీని మీద నాకున్న ప్రేమ తగ్గలేదు.

ఇంత చిన్న పద్ధతి రాయడం మాత్రం ఎప్పుడూ తేలిక కాలేదు. 1946లో, తొలి ఎలక్ట్రానిక్ కంప్యూటర్ల నిర్మాతల్లో ఒకరైన జాన్ మాక్లీ తన ఉపన్యాసాల్లో దీని గురించి చెప్పారు. జాబితా పొడవు ఎంతైనా సరే పనిచేసే రూపం అచ్చులోకి రావడానికి 1960 దాకా పట్టిందని కంప్యూటర్ శాస్త్రవేత్త డొనాల్డ్ కనూత్ నమోదు చేశారు. అంటే 14 ఏళ్లు. ప్రోగ్రామింగ్ మీద పుస్తకాలు రాసిన జాన్ బెంట్లీ తన శిక్షణ తరగతుల్లో, రోజూ ప్రోగ్రాములు రాసి బతికేవాళ్లకే దీన్ని ఇచ్చి, రెండు గంటల టైము కూడా ఇస్తే, పదింట తొమ్మిది మంది కోడ్‌లో తప్పులు తేలాయి. మీరు రాసినప్పుడు తప్పు వస్తే కుంగిపోకండి. తప్పు రాలేదనిపిస్తే మాత్రం ఇంకోసారి చూసుకోండి.

ఇప్పుడు నా సంగతి చెబుతాను. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు. ఒక సంస్థకు ఖాతాల ప్రోగ్రాం రాస్తున్నాం. చెల్లింపుల రికార్డులన్నీ ఖాతా నంబరు వరసలో ఉంటాయి. నంబరు ఇస్తే దానికి చెందిన చెల్లింపులన్నీ తీసి చూపించాలి. ఆ ముక్క నేనే రాశాను. బైనరీ సెర్చ్‌తో ఆ నంబరు పట్టుకోవడం, అక్కడి నుంచి నంబరు మారేదాకా ముందుకు నడవడం. పరీక్షించాం, అన్నీ సరిగ్గా వచ్చాయి. మేం పరీక్షకు వాడిన డేటాలో నంబరుకు ఒక్కో చెల్లింపే ఉందన్న సంగతి అప్పుడు ఎవరికీ తట్టలేదు.

కొన్ని వారాలకు ఒకావిడ ఫోన్ చేశారు. “నేను ఐదుసార్లు డబ్బు కట్టాను, మీరు రెండే చూపిస్తున్నారు” అని. ఆఫీసు వాళ్లు స్క్రీన్ చూసి, “కంప్యూటర్‌లో రెండే ఉన్నాయమ్మా, మిగతావి మీరు కట్టినట్టు లేదు” అన్నారు. మర్నాడు ఆవిడ ఐదు రసీదులూ పట్టుకుని వచ్చారు. కౌంటర్ దగ్గర నిలబడి ఒక్కో రసీదూ విప్పి బల్ల మీద పెడుతుంటే, నేను లోపలి గదిలోంచి చూస్తూ ఉన్నాను. ఐదు రికార్డులూ ఫైల్లో భద్రంగా ఉన్నాయి. లేవని చెప్పింది నా కోడ్. నిజం చెప్పిన మనిషిని పదిమందిలో అబద్ధాలకోరుగా నిలబెట్టింది నేను రాసిన ఏడు లైన్లు.

ఏం జరిగిందో మీకు అర్థమయ్యే ఉంటుంది. ఒకే నంబరు ఐదుసార్లు ఉంటే బైనరీ సెర్చ్ ఆ ఐదింట్లో దేని మీద వాలుతుందో చెప్పలేం. అది నాలుగోదాని మీద వాలింది. నేను ముందుకు నడిచి నాలుగు, ఐదు తీసుకున్నాను. వెనకున్న మూడూ పోయాయి.

కంగారులో నేను చేసిన సవరణ ఏమిటంటే, వెనక్కి కూడా నడవడం. లెక్కలు సరిపోయాయి, ఊపిరి పీల్చుకున్నాను. నెల తిరగకుండానే ఒక రాత్రి ప్రోగ్రాం కదలకుండా కూర్చుంది. ఖాతా నంబరు తెలియని చెల్లింపులన్నిటికీ సున్నా వేసి పెట్టేవాళ్లు. అలాంటివి లక్షల్లో పోగుపడ్డాయి. వాటిలో ప్రతిదాని కోసం సున్నాను వెతకడం, దొరికిన చోటి నుంచి అటూ ఇటూ లక్షల రికార్డులు తాకుతూ నడవడం. 20 అడుగుల్లో వెళ్లి, అక్కడి నుంచి లక్షల అడుగులు కాలినడక! ఆ టెన్షన్ నాకు ఇంకా గుర్తుంది.

అప్పుడు మా సీనియర్ ఒకాయన నా పక్కన కూర్చుని, ఒక కాగితం మీద పదకొండు గళ్లు గీశారు. అందులో ఈ అంకెలు వేశారు: 3, 5, 7, 7, 7, 7, 7, 9, 12, 12, 15. గళ్ల కింద సున్నా నుంచి పది వరకు స్థానాలు రాశారు. ‘ఏడు వెతుకు’ అన్నారు. మధ్య గడి ఐదో స్థానంలోది, అందులో ఏడుంది, దొరికింది అన్నాను. ఆయన అన్న మాట ఇది: “అమ్మా, నువ్వు ఏడు ఉందా అని అడిగావు. ఏడు ఎక్కడ మొదలవుతుందని అడగలేదు.”

ఈ రోజు నేను వచ్చింది ఈ వాక్యం కోసమే. దయచేసి కాగితాలు తీసి ఆ పదకొండు అంకెలూ రాసుకోండి, నాతోపాటు చేయండి.

ఏడుకు సమానమా అనే పోలికే వద్దు. ఏడు కంటే చిన్నదా, కాదా? అంతే అడుగుదాం. ఎడమ వేలు సున్నా మీద, కుడి వేలు పదకొండు మీద, అంటే చివరి గడి దాటి పెట్టండి. మధ్య ఐదు (మధ్య తీసినప్పుడు అర వస్తే వదిలేయండి). అక్కడున్న ఏడు, ఏడు కంటే చిన్నది కాదు. కాబట్టి కుడి వేలు ఐదుకు వస్తుంది. చూడండి, ఏడు కనిపించింది కానీ మనం ఆగలేదు. మధ్య రెండు. అక్కడా ఏడే, కుడి వేలు రెండుకు. మధ్య ఒకటి. అక్కడ ఐదుంది, చిన్నది. ఎడమ వేలు దాని తర్వాతి గడికి, అంటే రెండుకు. రెండు వేళ్లూ కలిశాయి. ఏడు మొదలయ్యే చోటు రెండో స్థానం.

ఇప్పుడు ప్రశ్న మార్చండి. ఏడు కంటే పెద్దదా, కాదా? మళ్లీ సున్నా, పదకొండు. మధ్య ఐదు, పెద్దది కాదు, ఎడమ వేలు ఆరుకు. మధ్య ఎనిమిది, అక్కడ పన్నెండు, పెద్దదే, కుడి వేలు ఎనిమిదికి. మధ్య ఏడు, అక్కడ తొమ్మిది, కుడి వేలు ఏడుకు. మధ్య ఆరు, అక్కడ ఏడు, పెద్దది కాదు, ఎడమ వేలు ఏడుకు. కలిశాయి. ఏడులు అయిపోయి పెద్దది మొదలయ్యే చోటు ఏడో స్థానం. ఈ రెండో హద్దులోంచి మొదటి హద్దు తీయండి, ఏడులోంచి రెండు తీస్తే ఐదు. ఐదు ఏడులున్నాయి. ఒక్కొక్కటీ తాకి లెక్కపెట్టలేదు. ఐదుకు బదులు ఐదు లక్షలున్నా ఇదే పద్ధతి.

లేనిదాన్ని వెతికినా ఇది సాయం చేస్తుంది. ఎనిమిదిని వెతకండి. రెండు హద్దులూ ఏడో స్థానంలోనే వస్తాయి. తేడా సున్నా, అంటే లేదు. పైగా ఎనిమిదిని చేర్చాలంటే ఎక్కడ పెట్టాలో కూడా తెలిసిపోయింది.

మరి మనకు మొదట నేర్పేది ఏమిటి? దొరకగానే ‘దొరికింది’ అని ప్రింట్ చేసి బయటికి రావడం. నా బాధంతా ఇదే. అధ్యాపకులు ఇక్కడే ఉన్నారు కాబట్టి చేతులు జోడించి అడుగుతున్నాను. పాఠం ‘దొరికింది’ దగ్గర ఆపకండి. ఒకే విలువ నాలుగైదుసార్లు ఉన్న జాబితా ఇచ్చి, మొదటిది ఎక్కడ, చివరిది ఎక్కడ అని అడగండి.

లైబ్రరీలు, అంటే ఎవరో ముందే రాసిపెట్టిన కోడ్, వాడతాం కదా, మాకెందుకు అనుకుంటున్నారేమో. లైబ్రరీ ఏం మాటిచ్చిందో చదవండి. సీ భాషలోని బీసెర్చ్, జావాలోని బైనరీసెర్చ్, రెండూ సమానమైనవి చాలా ఉంటే ఏది ఇస్తామో చెప్పలేమని తమ వివరణలోనే రాసుకున్నాయి. సీ ప్లస్ ప్లస్‌లో బైనరీ సెర్చ్ అనే పేరున్న ఫంక్షన్ ఉందో లేదో మాత్రమే చెబుతుంది. హద్దులు కావాలంటే అందులో లోయర్ బౌండ్, అప్పర్ బౌండ్ ఉన్నాయి. పైథాన్‌లో బైసెక్ట్ లెఫ్ట్, బైసెక్ట్ రైట్. నేను పడ్డ అవస్థ పడకుండా ఎవరో ముందే ఆలోచించి పెట్టారు.

లైబ్రరీ అన్నాను కాబట్టి ఇదొకటి చెప్పాలి. 2006లో జాషువా బ్లాక్, జావా లైబ్రరీలో తాను రాసిన బైనరీ సెర్చ్‌లోనే తప్పుందని అందరికీ తెలిసేలా రాశారు. సుమారు తొమ్మిదేళ్లు అది అలాగే ఉంది. రెండు చివరలూ కూడి రెండుతో భాగించే లైనే ఆ తప్పు. 32 బిట్ల పూర్ణాంకంలో పట్టే పెద్ద సంఖ్య 2,14,74,83,647, అది దాటితే కూడిక రుణసంఖ్య అయిపోతుంది. తేడా తీసి, సగం చేసి, ఎడమ చివరకు కలిపితే ఆ బాధ లేదు. తన తప్పును అలా బయటపెట్టినందుకు ఆయన మీద నాకు చాలా గౌరవం.

వరస సంగతి కూడా చెప్పి తీరాలి. జాబితా వరసలో ఉందంటే సరిపోదు, ఏ వరస? మన ఱ తీసుకోండి. వర్ణమాలలో అది చివర్లో వస్తుంది. యూనికోడ్‌లో, అంటే కంప్యూటర్ కోసం అక్షరాలకిచ్చిన నంబర్ల వరసలో, ర పక్కనే, ల కంటే ముందు ఉంటుంది. ళ కూడా అంతే, ల వెంటనే. వర్ణమాల వరసలో పేర్చిన పదాలను యూనికోడ్ పోలికతో వెతికితే, ఉన్న పదం లేదని వస్తుంది. అంకెలను అక్షరాలుగా దాచుకుంటే ‘10’ వచ్చి ‘9’ కంటే ముందు కూర్చుంటుంది. పేర్చినప్పుడు ఏ పోలిక వాడారో వెతికేటప్పుడూ అదే వాడాలి. ఇక్కడ తప్పు చేస్తే ప్రోగ్రాం ఆగదు, ఎర్ర అక్షరాల్లో ఏమీ రాదు. ‘లేదు’ అని చెప్పేసి ఊరుకుంటుంది. ఆవిడకు చెప్పినట్టే.

సమయం అయిపోయిందని సైగ చేస్తున్నారు. హ్యాషింగ్, ట్రీలు ఈ రోజుకు లేనట్టే, క్షమించండి. ఒక్క ఐదు నిమిషాలు ఇవ్వండి. ఆ పదకొండు గళ్లూ ఈ బోర్డు మీద గీస్తాను. ఏడు నేను చేశాను. పన్నెండుకు రెండు హద్దులూ ఎవరు చేస్తారు? వెనక వరసలో చెయ్యి లేచింది. రండమ్మా, సుద్దముక్క ఇదిగో.