రేసు గుర్రం మోకాలు వాచిందంటే

శ్రోతలందరికీ నమస్కారం. రేసు గుర్రాలకి మోకాలి ఎముకలు ఎందుకు విరుగుతాయి, విరిగితే ఎలా కనిపెడతారు, ఏం వైద్యం చేస్తారు, ఇవాళ ఇదే చెప్దామని వచ్చాను. గుర్రాన్ని దగ్గరగా ఎప్పుడూ చూడనివాళ్ళకి కూడా అర్థమయ్యేలాగే చెప్తాను.

గుర్రం ముందుకాలు మధ్యలో వంగే చోటుని మోకాలు అంటున్నాం కదా, శరీర నిర్మాణంలో అది మన మణికట్టుకి సమానమైన కీలు. అందులో ఏడో ఎనిమిదో చిన్న ఎముకలు రెండు వరసలుగా, ఒక వరస మీద ఇంకో వరస సర్దుకుని ఉంటాయి, వీటినే కార్పల్ ఎముకలు అంటారు. దాదాపు 500 కిలోల జంతువు ఫుల్ స్పీడ్‌లో దౌడు తీస్తున్నప్పుడు ఒక్కో క్షణంలో బరువంతా ఒకే ముందుకాలి మీదకి వస్తుంది, ఆ వేగానికి కాలి మీద పడే భారం ఒంటి బరువుకి సుమారు రెండున్నర రెట్లు అవుతుంది. అప్పుడు మోకాలు కొంచెం వెనక్కి వంగుతుంది, రేసు చివర్లో కండరాలు అలసిపోయాక ఇంకా ఎక్కువ వంగుతుంది, దాంతో పై వరస ఎముకల ముందు అంచులు కింది వరస అంచుల్ని గట్టిగా గుద్దుకుంటాయి. దెబ్బలు చాలామటుకు అక్కడే తగులుతాయి.

చాలామంది దీన్ని యాక్సిడెంట్ అనుకుంటారు, బాగా పరిగెత్తే గుర్రం పాపం ఒక్కసారిగా కుంటుపడింది అంటారు. నిజానికి ఎక్కువ కేసుల్లో అది వారాల తరబడి లోపల జరుగుతూ వచ్చిందే. ట్రైనింగ్‌లో భారం పడేకొద్దీ ఎముక తనని తాను గట్టిపరుచుకుంటుంది, అది మంచిదే, కానీ రిపేర్ జరిగే వేగం కన్నా దెబ్బ తగిలే వేగం ఎక్కువైతే సన్నటి పగుళ్ళు పోగవుతాయి, ముఖ్యంగా కింది వరసలో ఉండే మూడో కార్పల్ ఎముక మరీ గట్టిపడి, భారాన్ని సర్దుకునే గుణం పోగొట్టుకుని పెళుసవుతుంది. అంచునుంచి చిన్న ముక్క ఊడితే దాన్ని చిప్ అంటారు, అది ఎక్కువగా పై వరసలోని రేడియల్ కార్పల్ ఎముక కింది అంచున వస్తుంది. ఎముక పై ముఖంనుంచి కింది ముఖందాకా నిలువునా చీలితే స్లాబ్ ఫ్రాక్చర్, అది ఎక్కువగా ఈ మూడో కార్పల్‌లోనే వస్తుంది, చిప్ కన్నా చాలా తీవ్రమైనది.

ముందుగా కనిపించే లక్షణాలు చాలా చిన్నవి. మోకాలి ముందు వైపు నీరు చేరి మెత్తగా ఉబ్బుతుంది, చెయ్యి పెడితే వెచ్చగా ఉంటుంది, అడుగు కాస్త పొట్టిదవుతుంది, కొన్ని గుర్రాలు కాలు సాఫీగా మడవకుండా బయటికి తిప్పి వేస్తాయి. రెండు మోకాళ్ళూ నొప్పిగా ఉంటే కుంటు అసలు కనిపించకపోవచ్చు, ఊరికే బద్ధకంగా ఉంది, పరుగు మీద మనసు లేదు అనుకుంటారు. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే, నొప్పితో ఉన్న జంతువుకి బద్ధకం అని పేరు పెట్టి ఇంకా గట్టిగా తోలడం.

డాక్టర్ ముందు నడిపించి, ట్రాట్ అంటే నెమ్మది పరుగు చేయించి చూస్తారు, మోకాలిని మడిచి కాసేపు పట్టుకుని వదిలి మళ్ళీ ట్రాట్ చేయిస్తారు, కుంటు పెరిగితే అనుమానం మోకాలి మీదకి వస్తుంది. ఇంకా తేలకపోతే కీలులోకి మత్తుమందు ఎక్కించి, కుంటు పోయిందా లేదా అని చూస్తారు. అయితే విరిగిందన్న అనుమానం గట్టిగా ఉంటే ఈ టెస్ట్ జోలికి పోకూడదు, నొప్పి తెలీని గుర్రం బరువంతా వేసేస్తే కదలకుండా ఉన్న ముక్క కూడా జరిగిపోతుంది. అప్పుడు నేరుగా ఎక్స్‌రే. ఒకటి రెండు తీస్తే చాలదు, ముందునుంచి, పక్కనుంచి, రెండు ఏటవాలు కోణాల్లో, తర్వాత మోకాలు మడిచి పైనుంచి. ఆ చివరిదాన్ని స్కైలైన్ వ్యూ అంటారు, మూడో కార్పల్‌లో గట్టిపడటం గానీ సన్నటి చీలిక గానీ చాలాసార్లు అందులో మాత్రమే కనిపిస్తుంది, అది తీయకుండా ఎముక బాగానే ఉందని చెప్పడం నా దృష్టిలో పరీక్ష సగంలో ఆపేయడమే. ఎక్స్‌రేలో ఏమీ దొరక్క కుంటు మాత్రం పోకపోతే బోన్ స్కాన్, ఎమ్మారై, సీటీ ఉన్నాయి.

చిప్ ఉంటే సాధారణంగా ఆర్థ్రోస్కోపీ చేస్తారు. గుర్రానికి పూర్తి మత్తిచ్చి, కీలుని ద్రవంతో నింపి, ఒక చిన్న రంధ్రంలోంచి కెమెరా, ఇంకో రంధ్రంలోంచి పరికరం పెట్టి ముక్క తీసేస్తారు. గుర్రాల్లో ఈ పద్ధతిని ముందుకి తెచ్చినవాళ్ళలో పశువైద్య సర్జన్ వేన్ మెకిల్‌రైత్ పేరు ముఖ్యంగా చెప్పాలి. ఫలితం ముక్క సైజు కన్నా చుట్టూ మృదులాస్థి, అంటే ఎముక చివరల్ని కప్పి ఉండే నున్నటి పొర, ఎంత పాడైందన్న దాని మీదే ఎక్కువ ఆధారపడుతుంది, ఎందుకంటే దానికి రక్తసరఫరా ఉండదు, పోయింది మళ్ళీ మునుపటిలా రాదు. కొంచెమే పాడైతే పదింటిలో దాదాపు ఏడు గుర్రాలు మునుపటి స్థాయికి వస్తాయి, బాగా పాడైతే సుమారు సగం. స్పెండ్ ఎ బక్ అనే అమెరికన్ గుర్రానికి 1984 చివర్లో మోకాల్లోంచి చిప్ తీస్తే 1985 మేలో అది అమెరికాలో పేరున్న రేసు కెంటకీ డెర్బీ గెలిచింది.

స్లాబ్ అయితే విరిగిన ముక్కని స్క్రూతో అసలు ఎముకకి దగ్గరగా లాగి బిగిస్తారు, ముక్క మరీ పల్చగా ఉంటే తీసేస్తారు. ఆపరేషన్ అయిపోయినా మత్తు దిగి గుర్రం తడబడుతూ లేచే సమయం చాలా ప్రమాదం, అందుకే మెత్తటి గోడలున్న గదిలో, అవసరమైతే తాళ్ళ సాయంతో లేపుతారు. ఎముకలు నుజ్జయిపోతే ప్లేట్లు వేసి కీలుని కలిపేస్తారు, ఇక పరిగెత్తలేదు గానీ పచ్చికలో హాయిగా బతకొచ్చు.

ఇప్పుడు ఇంజెక్షన్ల సంగతి. కీలులోకి ఎక్కించే స్టెరాయిడ్ వాపునీ నొప్పినీ బాగా తగ్గిస్తుంది, ఎముక బాగుందని తేలాక, రెస్ట్ ఇస్తూ వాడితే ఉపయోగమే. ఎక్స్‌రే తియ్యకుండా, రాబోయే రేసు కోసం ఇంజెక్షన్ చేయించడం మాత్రం నేను అస్సలు ఒప్పుకోను. చిప్ ఉన్న మోకాలు నొప్పి తెలీక పూర్తి వేగంతో పరిగెడితే కీలంతా అరిగిపోతుంది, సన్నటి పగులు కాస్తా స్లాబ్ అవుతుంది, పైనున్న జాకీ ప్రాణం కూడా అందులో ఉంది.

ఆపరేషన్ తర్వాత కొన్ని వారాలు లాయంలోనే రెస్ట్, కుట్లు తీసేశాక చేత్తో పట్టుకుని రోజూ కాసేపు నడక, మెల్లగా టైమ్ పెంచుతారు. చిప్ తీసిన గుర్రం మళ్ళీ ట్రైనింగ్‌కి రావడానికి మూడు నాలుగు నెలలు, స్క్రూ వేసినదానికి ఆరు నెలలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే పడుతుంది. ఓనర్లు తొందరపెట్టేది ఈ దశలోనే, గుర్రం చూడ్డానికి బాగానే ఉంటుంది కదా. స్క్రూ వేసిన మోకాలికి మాత్రం మళ్ళీ ఎక్స్‌రే తీసి, చీలిక పూడిందని చూశాకే దౌడు మొదలుపెట్టాలి. ఆ తర్వాత కూడా ప్రతి దౌడు మర్నాడు పొద్దున్నే రెండు మోకాళ్ళ మీదా చెయ్యి పెట్టి చూడండి, వెచ్చగా ఉన్నా నీరు చేరినా ఆ రోజు జీను వెయ్యకండి, డాక్టర్‌ని పిలవండి.