పిక్కబలానికి ఒక మెట్టు చాలు

శ్రోతలకు నమస్కారం. ప్రాణభయంతో పరుగు లంకించుకున్న మనిషి పిక్కబలం చూపాడని అంటాం. ఆ బలం పెంచుకోవడానికి మనకు ఒక మెట్టు, ఆనుకోవడానికి ఒక గోడ, కొంచెం ఓపిక ఉంటే చాలు. ఆ ఓపికను ఎక్కడ పెట్టాలన్నదే నేను చెప్పదలచుకున్న విషయం.

నేను వ్యాయామ ఉపాధ్యాయుడిని. మా కబడ్డీ జట్టులో ఒక అమ్మాయి కూతకు వెళ్లినప్పుడు ఎంతో చురుగ్గా ఉండేది గాని, ప్రత్యర్థులకు కాలు చిక్కాక మధ్యగీత వైపు దూకవలసిన క్షణంలో నేలను బలంగా తన్నలేకపోయేది. పిక్కల కోసం ఏం చేస్తున్నావని అడిగితే, "రోజూ మెట్టు మీద మడమలెత్తి 50 సార్లు లేస్తున్నాను సార్" అంది. చేసి చూపించమన్నాను. మడమలు కిందికి దిగీ దిగకముందే బంతిలా పైకి ఎగురుతున్నాయి. నిమిషంలోపే 50 పూర్తయ్యాయి.

అప్పుడు ఆమెను ఒంటికాలి మీద నిలబెట్టాను. "పాదం ముందు భాగం మాత్రమే మెట్టు మీద ఉండాలమ్మా. మూడు అంకెలు లెక్కపెడుతూ మడమను దించు. పూర్తిగా దిగాక రెండు అంకెలు ఆగు. తరువాత బొటనవేలి మొదలు మీద భారం వేసి, ఇక లేవలేనంత ఎత్తుకు లేచి, అక్కడ ఒక్క క్షణం నిలబడు" అన్నాను. తొమ్మిదోసారికి పిక్క వణికింది. పదకొండోసారికి మడమ సగం ఎత్తులోనే ఆగిపోయింది.

పిక్క కండరాలను మడమ ఎముకతో కలిపే లావుపాటి స్నాయువు రబ్బరు పట్టీలా సాగి, వెంటనే ముడుచుకుంటూ మనల్ని పైకి విసురుతుంది. పరుగుకు ఆ విసురు వరమే గాని, బలం కోసం చేసే వ్యాయామంలో మాత్రం కండరం చేయవలసిన పనిని కొంత అదే చేసేస్తుంది. అడుగున ఆగితే ఆ విసురు చాలావరకు చల్లారి, భారమంతా కండరమే ఎత్తవలసి వస్తుంది. అందుకే మళ్లీ చెబుతున్నాను: అడుగున ఆగండి.

ఆ అమ్మాయి చేత 50 మాన్పించి, వారానికి మూడు రోజులు, ఒక్కో కాలికి మూడు విడతలు ఇలాగే చేయించాను. ఒక విడతలో 15 సార్లు నిబ్బరంగా లేవగలిగాక వీపున పుస్తకాల సంచి తగిలించి, బరువు కొంచెం కొంచెంగా పెంచుతూ పోయాం. మూడో నెలలో ఒక ఆటలో ఇద్దరు పట్టుకున్నా వదిలించుకొని గీత మీద వేళ్లు ఆనించింది. ఆ దూకుడు నాకు ఇప్పటికీ కళ్ల ముందే ఉంది.

మొదట్లో పిక్కలు ఒకటి రెండు రోజులు పట్టేసినట్లుండడం సహజమే. ఒక్క పిక్కే వాచి, వేడెక్కి, నొప్పి పెడుతుంటే మాత్రం వ్యాయామం ఆపి, ఆలస్యం చేయకుండా వైద్యుడికి చూపించుకోవాలి.

ఇంకొక్క మాట ఉంది. పైకి ఉబ్బెత్తుగా కనిపించే పిక్క కండరం మోకాలి పైనుంచే మొదలవుతుంది. దాని కింద దాగి ఉన్న చదునైన కండరం మోకాలి దిగువన మొదలవుతుంది. మోకాలు వంచినప్పుడు పైది వదులై, లోపలిదాని మీద భారం పడుతుంది. కాబట్టి మెట్టు మీద సాధన అయ్యాక, కుర్చీలో కూర్చొని, పాదాల ముందు భాగాలను ఇటుక మీద ఆనించి, మోకాళ్ల దగ్గర తొడల మీద 25 కిలోల బియ్యం మూట పెట్టుకొని మడమలెత్తండి. అంత బరువు మోయలేనివారు సగం మూటతో మొదలుపెట్టవచ్చు. అప్పుడు కూడా, మడమలు కిందికి దిగాక, రెండు అంకెలు ఆగండి.